బావగారి సెంటరు వదిలి సొంత పాల సంఘం పెట్టుకోవచ్చా?

మదనపల్లె వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ తన పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. వయసు 38. ఇంటర్ దాకా చదివారు. చాలా ఏళ్లుగా డ్వాక్రా గ్రూపు పుస్తకాలు ఆమే రాస్తున్నారు. రెండెకరాల పొలం, రెండు జెర్సీ ఆవులు. టమోటా ధర పడిపోయిన ఏడాది ఇల్లు నడిచింది పాల బిల్లుతోనే అని రాశారు.

ఊళ్లో పాల సెంటరు నడిపేది ఆమె భర్తకు సొంత అన్న. ఒక ప్రైవేటు డెయిరీకి ఏజెంటు. పాలు పోసే ఆడవాళ్లలో చాలామందికి ఆవులు కొనుక్కోవడానికి ఆయనే అడ్వాన్సు ఇచ్చారు. వడ్డీ లేదు గానీ, బాకీ తీరేదాకా పాలు ఆయనకే పోయాలి. పది రోజుల బిల్లులో కొంత కొంత పట్టుకుంటారు. చీటీ ఇవ్వరు. వెన్న ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎంత అన్నది నోటితో చెప్పి తన పుస్తకంలో రాసుకుంటారు. పాల ధర కట్టేది ఈ రెంటిని బట్టే. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న, నీళ్లు పోగా పాలలో మిగిలే గట్టి పదార్థం. పక్క ఊళ్లో ఇలాంటి పాలకే లీటరుకు 2 రూపాయలు ఎక్కువ వస్తోందని అక్కడ కాపురం ఉంటున్న చెల్లెలు చెప్పింది.

ఆ మాట గ్రూపు మీటింగులో బయటపడింది. మొత్తం 23 మంది, అందరివీ కలిపి రోజుకు 160 లీటర్ల పాలు. ‘మనమే సంఘం పెట్టుకుందాం, చదువుకున్నదానివి, నువ్వు ముందుండు’ అన్నారు. అందులో 14 మందికి బావగారి దగ్గర బాకీ ఉంది. ఇంట్లో చెబితే భర్త ‘అన్నకు ఎదురుపోతే రేపు బోరు ఆపేస్తాడు, పచ్చిగడ్డి ఎక్కడ తెస్తావు?’ అన్నారు. బోరు ఉమ్మడిది, కరెంటు సర్వీసు మాత్రం బావగారి పేరు మీద ఉంది. అత్తమ్మ మాట్లాడటం మానేశారు. తోటికోడలు గుడి దగ్గర ఎదురై ‘మా కడుపు కొట్టడానికా నీ చదువు?’ అని నలుగురిలో అడిగింది.

ఉత్తరం చివర ఇంకో సంగతి ఉంది. సంఘం కావాలని అందరికంటే గట్టిగా మాట్లాడుతున్న స్నేహితురాలు క్యానులో నీళ్లు కలుపుతుండగా ఈమె కళ్లారా చూశారు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ‘నేను ముందుకు రావాలా, తప్పుకోవాలా? తప్పుకుంటే వాళ్ల మొహాలు ఎలా చూడను? ముందుకొస్తే ఇంట్లో ఎలా బతకను?’ అని అడిగారు.

అమ్మా, మీ ఊళ్లో అందరి చూపూ వెన్న చూసే మిషను మీద ఉంది. నేను మాత్రం ఆ 14 మంది బాకీ దగ్గర ఆగిపోయాను. పాల ఏజెంటు బలమంతా ఆవు వట్టిపోయిన నెలల్లో ఉంటుంది. ఈనిన ఆవు పది నెలలు పాలిస్తుంది, తర్వాత కనీసం రెండు నెలలు వట్టిగా ఉంటుంది. సకాలంలో చూలు కట్టకపోతే ఆ రెండు నాలుగవుతాయి, ఆరవుతాయి. పాలు ఆగినా దాణా ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. ఆ నెలల్లో చేతిలో డబ్బు పెట్టినవాళ్లకే మళ్లీ ఈనాక పాలు పోస్తారు. మీ బావగారు ఆ పని చేశారు. బ్యాంకు చుట్టూ తిరిగినా పని కాని ఆడవాళ్లకు ఆవును తెచ్చి గాటన కట్టించారు. అది చిన్న సాయమేమీ కాదు. సంఘం పెట్టాలనుకునేవాళ్లు ముందు ఒప్పుకోవాల్సిన సంగతి ఇది. ఎందుకంటే రేపు మీ సంఘం ఆ పని చేయలేకపోతే, ఎంత నిజాయితీగా వెన్న చూసినా ఎండాకాలం వచ్చేసరికి సగం మంది మళ్లీ ఆయన గుమ్మం ముందే ఉంటారు.

అయితే ‘వడ్డీ లేదు’ అన్న మాటను ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఒకామె 30 వేలు అడ్వాన్సు తీసుకుని రోజుకు 8 లీటర్లు పోస్తోందనుకోండి. మీరన్నట్టు లీటరుకు 2 రూపాయలు తగ్గుతుంటే రోజుకు 16, నెలకు 480 రూపాయలు. 30 వేల మీద 480 అంటే నూటికి నెలకు రూపాయి అరవై పైసలు. ఊళ్లో వడ్డీలతో పోలిస్తే ఇది అన్యాయంగా కనిపించదు. కానీ బాకీ 10 వేలకు దిగాక కూడా పోయేది అదే 480. అప్పుడు నూటికి నాలుగు రూపాయల ఎనభై పైసలు. తీరే కొద్దీ వడ్డీ పెరిగే అప్పు ఇది. ఇంకో 2 వేలు బాకీ ఉండగా ‘ఇంకో ఆవు కొనుక్కో, మళ్లీ ఇస్తాను’ అంటే, ఆ మాటకు ఉన్న ధర మీకు ఇప్పుడు తెలుస్తుంది. ఈ లెక్క బావగారిని దోషిగా నిలబెట్టడానికి చెప్పడం లేదు. 23 మందీ కూర్చుని ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలని చెబుతున్నాను. కొందరికి ఇప్పుడున్నదే నయమని తేలవచ్చు. తేలనివ్వండి.

ఇక ఆ 2 రూపాయల తేడా నిజంగా ఉందా అన్నది చూడాలి. కోపంలో ఉన్నప్పుడు తక్కువొచ్చిన ప్రతి రీడింగూ మోసంలాగే అనిపిస్తుంది. ఆవు పాలలో మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. పాలు పితికాక చివర్లో దూడను వదిలే ఇంట్లో చిక్కటి పాలు దూడ తాగేస్తుంది, పలచటివి సెంటరుకు వస్తాయి. రాత్రి ఎడం ఎక్కువ కాబట్టి ఉదయం పాలలో కంటే సాయంత్రం పాలలో వెన్న కాస్త ఎక్కువుంటుంది. ఎండలు ముదిరినప్పుడు, వట్టి వరిగడ్డి మీద నెట్టుకొస్తున్నప్పుడు ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోతుంది. పైకి కనబడని పొదుగువాపు ఉన్నా అంతే. ఇవేవీ ఏజెంటు చేసేవి కావు.

ఏజెంటు చేతిలో ఉండేవి వేరే. పాలు కదలకుండా నిలబడితే వెన్న పైకి తేలుతుంది. గరిటెతో అడుగు దాకా బాగా కలిపి శాంపిలు తీయకపోతే రీడింగు అటో ఇటో పోతుంది. మిషనును సరిచూసి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. 3.96 వస్తే 3.9 అని రాసుకోవడం మామూలు. లీటర్లలో కొలిచి కిలోల్లో అమ్మడం ఇంకొకటి. లీటరు పాలు కిలో కంటే దాదాపు 30 గ్రాములు ఎక్కువ తూగుతాయి. 100 లీటర్లు పోయించుకుంటే డెయిరీ కాటా మీద 103 కిలోలు వస్తాయి. ఆ పైన మూడు కిలోలు ఎవరివని అడిగే హక్కు పోసేవాళ్లకుంది. ఇందులో మోసమే ఉందని నేను అనను. ఉన్నదల్లా చీటీ లేకపోవడం. చీటీ ఉంటే సగం అనుమానాలు పుట్టవు.

అందుకే ముందుగా ఒక పది రోజుల బిల్లు కాలం పాటు ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా నోటు పుస్తకం పెట్టండి. బాకీ లేనివాళ్లు ముగ్గురు నలుగురు చాలు. రోజూ ఎన్ని లీటర్లు, ఎంత వెన్న చెప్పారు, ఎంత ఎస్‌ఎన్‌ఎఫ్ చెప్పారు, దూడను ఎప్పుడు వదిలారు, ఏం మేపారు అని రాయండి. వీలున్న రోజున అవే పాలను బాగా కలిపి రెండుగా చేసి, ఒక భాగం బావగారికి పోసి, ఇంకో భాగం గంటలోపు చెల్లెలి ఊరి సెంటరులో చూపించండి. ఒక్కసారి చూసి తేల్చకండి, నాలుగైదు సార్లు చూడండి. తేడా ఎప్పుడూ ఒకవైపే ఉంటే అప్పుడది మాట్లాడాల్సిన విషయం. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంటే మిషను సంగతో, శాంపిలు తీసే తీరో అనుకోవాలి.

ఆ పుస్తకం చేతిలో ఉన్నాక మీ ముందు దారులు రకరకాలుగా ఉంటాయి.

అన్నిటికంటే తక్కువ మంట పుట్టించేది బావగారితోనే ఉండి పద్ధతి మార్చమని అడగడం. ప్రతి పూటా చీటీ, అందరి ముందు శాంపిలు, ధరల చార్టు గోడ మీద, డబ్బు ఎవరి ఖాతాలోకి వాళ్లకు. 23 మందీ కలిసి అడిగితే 160 లీటర్లు పోగొట్టుకోవడానికి ఏ ఏజెంటూ ఇష్టపడరు. ఇంట్లో శాంతి నిలబడుతుంది, బాకీలు నెమ్మదిగా తీరతాయి. నష్టమేమంటే ధర ఎప్పటికీ ఆయన డెయిరీ నిర్ణయించేదే, పైసా బోనసు ఉండదు, మీ పట్టు సడలిన రోజు చీటీలు కూడా ఆగిపోతాయి. అయినా నేను దీన్ని తీసిపారేయను. కనీసం ఆరు నెలలు ఇలా నడిస్తే కలిసి అడగడం, కలిసి లెక్క చూడటం మీ వాళ్లకు అలవాటవుతుంది. అది లేకుండా సంఘం రిజిస్టర్ చేస్తే మిగిలేది బోర్డు మాత్రమే.

రెండో దారి, ఇప్పటికే ఆడవాళ్ల చేతిలో ఉన్న పెద్ద సంస్థలో చేరడం. మీ ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ 2014లో మొదలైంది. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ తోడ్పాటుతో పెరిగింది. సభ్యులంతా ఆడవాళ్లే, లక్ష మందికి పైగా ఉన్నారు. ఇలాంటి కంపెనీల్లో వాటా మీ పేరు మీద ఉంటుంది, పాల డబ్బు మీ ఖాతాకు వస్తుంది, ఎన్ని వాటాలున్నా ఒక్కరికి ఒక్క ఓటే. మిషను, క్యాన్లు, బండి తంటాలు వాళ్లవి. మీ ఊరు వాళ్ల బండి తిరిగే దారిలో ఉందా, కనీసం ఎన్ని లీటర్లు కావాలంటారు అన్నది వెళ్లి కనుక్కోండి. ఇందులోనూ లోటు ఉంది. అంత పెద్ద సంస్థలో మీ ఊరి గొంతు చిన్నది. చార్టు వాళ్లు వేస్తారు. ఏడాదిలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోయాలన్న నియమం తప్పితే ఓటు హక్కు పోవచ్చు. ఒక్క ఆవున్న ఇంట్లో ఆవు వట్టిపోయినప్పుడు ఆ నియమం బరువవుతుంది. చేరకముందే అడగాల్సిన ప్రశ్న అది.

మూడోది మీవాళ్లు కోరుకుంటున్నది, సొంత సంఘం. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, మన ఊళ్లలో మాక్స్ అంటారు, వేర్వేరు కుటుంబాల నుంచి పది మంది ఉంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. ప్రభుత్వ వాటా ఉండదు, ప్రభుత్వ పెత్తనమూ ఉండదు. నియమావళి మీదే, ఎన్నికలు మీవే, లాభం వస్తే ఎవరు ఎన్ని పాలు పోస్తే అంత పంచుకుంటారు. కానీ లోటు వచ్చినా పంచుకోవాల్సింది మీరే. ఈ ముక్క మీటింగులో ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి. మీ 23 మందిలో బాకీ లేనివాళ్లు 9 మంది. ఇంకొక్కరి బాకీ తీరితే పది మంది అవుతారు, చట్టం వరకు సరిపోతుంది. వ్యాపారానికి మాత్రం సరిపోదు. పది మంది పాలు రోజుకు 70 లీటర్లు. దానికోసం ఏ డెయిరీ బండీ మీ ఊరి దాకా రాదు.

అందరూ వచ్చి 160 లీటర్లయినా లెక్క బిగుతుగానే ఉంటుంది. కొనే డెయిరీ సంఘానికి లీటరుకు రూపాయిన్నర కమీషన్ ఇస్తుందనుకోండి. రోజుకు 240, నెలకు 7,200. అందులోంచే పాలు పరీక్షించే అమ్మాయి జీతం, గది అద్దె, కరెంటు, క్యాన్లు కడిగే సోడా, పుస్తకాలు, ఆడిట్ ఫీజు. మిగిలేది ఏమంత ఉండదు. ఇంకోటి, పాలు పితికిన మూడు నాలుగు గంటల్లో 4 డిగ్రీలకు చల్లబరచాలి. దానికి ఎవరైనా ‘బల్క్ కూలర్ పెట్టుకోండి, సబ్సిడీ ఉంది’ అని వస్తే వెంటనే తలూపకండి. 160 లీటర్లకు అది నిలబడదు. దగ్గర్లో ఉన్న శీతలీకరణ కేంద్రానికి రెండు పూటలా క్యాన్లు చేర్చగలరా అన్నది చూసుకుంటే చాలు. సొంత పేరుతో ప్యాకెట్లు అమ్మాలన్న ఆశ కూడా ఇప్పుడే వద్దు. కొనేవాళ్లు ఒక్క బిల్లు ఆలస్యం చేస్తే, లీటరు 35 అనుకున్నా, పది రోజులకు 56 వేలు ఎవరు సర్దుతారు? దానికి జవాబు దొరికిన రోజున రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి.

ఇది జరగని పని అని మాత్రం అనుకోకండి. హనుమకొండ జిల్లా ములుకనూరులో ఆడవాళ్లు స్వకృషి పేరుతో సొంత డెయిరీ పెట్టుకుని రెండు దశాబ్దాలకు పైగా నడుపుతున్నారు. ఊరూరా పాల సంఘాలు, పైన వాటన్నిటి సమాఖ్య. ఆ ప్రాంతంలో పాల కంటే ముందే ఆడవాళ్ల పొదుపు సంఘాలు బాగా వేళ్లూనుకుని ఉన్నాయి. సొంత డబ్బు పోగేయడం, అప్పివ్వడం, తిరిగి వసూలు చేయడం వాళ్లకు చేతనయ్యాక పాలు వచ్చాయి. మీ విషయంలో నేను బాకీ దగ్గర ఆగిపోయింది ఇందుకే.

కాబట్టి ఏ దారి పట్టినా ఈ నెల నుంచే మొదలుపెట్టగల పని ఒకటుంది. ప్రతి పాల బిల్లులో ఒక్కొక్కరు 100 రూపాయలు పక్కన పెట్టండి. 23 మంది, నెలకు మూడు బిల్లులు, 6,900. ఏడాదికి 82,800. ఈ డబ్బు డ్వాక్రా పొదుపులో కలపకండి, ‘పాల పొదుపు’ అని వేరే ఖాతా తెరవండి. ఆవు వట్టిపోయిన ఇంటికి దాణా కోసం ఇందులోంచి అప్పివ్వండి. గ్రూపు బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పు ఎలాగూ ఉన్నాయి. పశువులున్నవాళ్లకు కిసాన్ క్రెడిట్ కార్డు కూడా ఇస్తారు, సొంత పొలం లేకపోయినా సరే. సకాలంలో తిరిగి కడితే ఏడాదికి వడ్డీ 4 శాతమే పడుతుంది. బ్యాంకులో తిప్పుతారు, నిజమే. ఒక్కరు వెళితే తిప్పుతారు, పశువైద్యుడి కాగితంతో పదిమంది కలిసి వెళితే తిప్పడం కష్టం. ఆ డబ్బుతో ముందుగా తక్కువ బాకీ మిగిలినవాళ్లవి తీర్చండి. ఎందుకో పైన లెక్కలో చూశారు, ఎక్కువ వడ్డీ కడుతున్నది వాళ్లే.

తీర్చేటప్పుడు ఒక్కటి మరవకండి. అడ్వాన్సు తీసుకున్నప్పుడు ఎవరైనా ప్రోనోటు మీద సంతకం పెట్టారా? ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేశారా? బాకీ తీరిన రోజునే ఆ కాగితం వెనక్కి తీసుకోవాలి, ‘పూర్తిగా ముట్టింది’ అని రాయించుకోవాలి. పోసిన పాలకు రావాల్సిన చివరి బిల్లు చేతికి అందేదాకా వెళ్లిపోతున్నామన్న మాట బయటకు రానివ్వకపోవడం కూడా మంచిది.

ఇక ఇల్లు. మీ ఆయన మాటను పిరికితనం అనుకోకండి. బోరు నీళ్లు ఆగితే పచ్చిగడ్డి ఉండదు, గడ్డి లేకపోతే మీ రెండు ఆవుల పాలు వారంలోనే దిగిపోతాయి. ఆయన చెప్పింది మీ వ్యాపారం లెక్కే. అందుకని నీళ్ల సంగతి పాల సంగతి కంటే ముందు తేలాలి. బోరు వేసినప్పుడు మీ ఆయన ఎంత పెట్టారు, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, ఏ రోజు ఎవరి వంతు అన్నది ఇద్దరు అన్నదమ్ములూ కూర్చుని, పెద్దమనుషుల సంతకాలతో కాగితం మీద పెట్టుకోవాలి. సంఘం మాట ఎత్తకముందే పెట్టుకోవాలి. ఆ మాట మీ ఆయనే అడగాలి, మీరు అడిగితే అది పాల గొడవైపోతుంది. ఒకవేళ అన్నగారు కాగితానికి ఒప్పుకోకపోతే, మీరు ముందు వరసలో నిలబడటానికి సమయం ఇంకా రాలేదని అర్థం. అప్పుడు మిగతావాళ్లు నడిపిస్తారు, మీరు వెనక నుంచి పుస్తకాలు రాస్తారు. అందులో అవమానమేమీ లేదు.

బావగారి దగ్గరకు వెళ్లేది మాత్రం మీరిద్దరూ కలిసి, మీ అంతట మీరుగా వెళ్లండి. ఊరంతా చెప్పుకున్నాక ఆయనకు తెలియకూడదు. ‘బావగారూ, మాకు చీటీలు కావాలి, వీళ్లంతా అడుగుతున్నారు, మీరిస్తే మంచిది’ అని మొదలుపెట్టండి. మోసం అన్న మాట మీ నోట రాకూడదు. నోటు పుస్తకంలో ఏం తేలినా సరే. ఆయనకు ఆటో ఉంటే, రేపు సంఘం వచ్చినా క్యాన్లు చేరవేసే పని ఆయనకివ్వవచ్చు. ట్రిప్పుకు ఇంత అని కాగితం మీద, ఏడాదికోసారి మళ్లీ మాట్లాడుకునేలా. అన్నదమ్ముల మధ్య తలుపు మూసుకుపోదు, తోటికోడలి ఇంట్లోకి డబ్బు ఆగదు. ప్రమాదమూ ఉంది. బండి ఆయన చేతిలో ఉంటే అలిగిన రోజు పాలు విరిగిపోతాయి. రెండో బండివాడి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని ఆ పని ఇవ్వండి. వెన్న పరీక్ష, డబ్బు లెక్క మాత్రం ఆయనకు గానీ, ఆయన మనుషులకు గానీ ఇవ్వకండి. మీ తోటికోడలు గుడి దగ్గర అన్న మాట గట్టిగా తగిలి ఉంటుంది. కానీ ఆ మాట వెనక ఉన్న భయం అబద్ధం కాదు. ఆమె ఇంటి ఆదాయం తగ్గబోతోంది. ఆమె పేరు మీద కూడా ఆవుంటే సంఘంలో ఆమెకూ చోటుందని మీరే పిలవండి. రాకపోవచ్చు. పిలిచారన్న సంగతి అత్తమ్మకు తెలుస్తుంది.

మీ స్నేహితురాలి విషయం ఇంకా కష్టమైనది. బావగారికి పోసే పాలలో నీళ్లు కలిపేటప్పుడు ఆమె మనసులో ‘ఆయన రీడింగులో కొడుతున్నాడు, నేను నీళ్లలో సర్దుతున్నాను’ అని ఉండి ఉంటుంది. ఊళ్లో చాలామంది అలాగే సమాధానం చెప్పుకుంటారు. సొంత సంఘంలో ఆ నీళ్లు పక్కింటామె జేబులోంచి పోతాయి. మొత్తం క్యాను ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోయి అందరి ధరా తగ్గుతుంది, శుభ్రం లేని నీళ్లయితే క్యాను క్యానంతా విరిగిపోతుంది. మీరు చూసినట్టు అందరిలో చెప్పకండి. ఒంటరిగా కూర్చోబెట్టి, చూశానని సూటిగా చెప్పండి. ‘ఇప్పటిదాకా జరిగింది నా దగ్గరే ఉంటుంది. సంఘం మొదలయ్యాక మొదటిసారి దొరికితే ఆ పూట పాలు వెనక్కి పంపుతారు, రెండోసారి నెల రోజులు ఆపుతారు, ఆ నియమం నీకూ నాకూ ఒకటే’ అనండి. ఆమె అలగవచ్చు. అలిగి వెళ్లిపోతే అప్పుడే వెళ్లిపోవడం మేలు. ఉంటే మాత్రం గట్టి సభ్యురాలవుతుంది, నలుగురిలో మాట్లాడగలిగే మనిషి సంఘానికి కావాలి. సెంటరులో నీళ్లు కలిపారేమో చూసే లాక్టోమీటరు అందరికీ కనబడేలా పెట్టండి, ప్రతి పూటా మొదట పరీక్షించేది మీ పాలే కావాలి, అదీ మీ చేత్తో కాదు.

ఇదంతా చెప్పాక, మీరు ముందుకు రావాలా అన్న ప్రశ్నకు వస్తాను. సంఘం రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. కానీ అధ్యక్షురాలిగా మీరు ఉండటం మీద నాకు సందేహముంది. ఏజెంటుకు మరదలు కాబట్టి బావగారి వైపు వాళ్లు మిమ్మల్ని ద్రోహి అంటారు. ధర ఒక్క అర్ధరూపాయి తగ్గిన రోజున సభ్యులే ‘ఎంతైనా వాళ్ల మనిషే కదా’ అంటారు. రెండు వైపులా అనుమానం మోసే కుర్చీ అది. బాకీ లేని ఆ 9 మందిలో, ఊరి పెద్ద ఇళ్లతో చుట్టరికం లేని ఒకామెను అధ్యక్షురాలిగా పెట్టి, మీరు లెక్కలు చూసే బాధ్యత తీసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. అప్పుడు మీ చదువు పూర్తిగా పనికొస్తుంది, బ్యాంకు సంతకం ఇద్దరిది ఉంటుంది, గుడి దగ్గర మాటలు మీ ఒక్కరి మీదే పడవు. ఆమెకు చదువు రాదని వెనకాడకండి. పది రోజులకోసారి అందరి ముందు బిల్లులు చదివి వినిపించే పద్ధతి ఉంటే అధ్యక్షురాలికి చదువు అవసరం పెద్దగా ఉండదు. లేదు, మీరే ఉండాలని 23 మందీ పట్టుబడితే, ఉండండి, ఒక్క ఏడాదికి మాత్రమే అని మొదటి రోజే మినిట్సులో రాయించి ఉండండి.

మీరు అడగనిది ఒకటి. మీ రెండు ఆవుల చెవులకు వేసిన గుర్తింపు పోగుల నంబర్లు పశువుల ఆసుపత్రి రికార్డులో ఎవరి పేరు మీద ఉన్నాయి? పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతోంది? మీవే కాదు, 23 మందివీ కనుక్కోండి. పేడ ఎత్తేది, పాలు పితికేది, అర్ధరాత్రి ఈతకు కూర్చునేది ఆడవాళ్లు. కాగితాల్లో మాత్రం ఆవు భర్తదై ఉంటుంది. అలా ఉంటే సభ్యత్వం తీసుకునేటప్పుడు, కార్డుకు అప్లికేషన్ పెట్టేటప్పుడు అక్కడే ఆగిపోతారు. పశువుల ఆసుపత్రిలో పేరు మార్పించుకోవడం ఇప్పుడు తేలిక, గొడవ మొదలయ్యాక కష్టం.

వచ్చే బిల్లు నాటికి ఆ 14 మందిలో ఎవరి బాకీ ఎంత మిగిలింది, రోజుకు ఎన్ని లీటర్లు పోస్తున్నారు, ఎవరి ఆవు ఏ నెలలో వట్టిపోతుంది, ఎవరెవరు కాగితం మీద సంతకం పెట్టారు అన్నది పేర్లు లేకుండా ఒక పట్టీ రాసి పంపండి. ఎవరి బాకీ ముందు తీర్చాలో లెక్క వేసి రాస్తాను.